హెడ్డు విప్పిన రోజు

ఉదయం ఎనిమిదింటికి స్టీరింగమ్మ లారీ స్టార్ట్ చేసింది. నిమిషంలో పెరడంతా తెల్లటి పొగ కమ్ముకుంది. తీగ మీద అప్పుడే ఆరేసిన దుప్పట్లు కనిపించకుండా పోయాయి.

"అమ్మా, ఆపు!" కొడుకు దగ్గుతూ బయటికొచ్చాడు. మూతినిండా బ్రష్షు నురగే. "ముసల్దాని పనైపోయిందని మెకానిక్ చెప్పాడుగా! ఇంజిన్ మొత్తం పోయిందట. పదకొండింటికి పాతసామాన్లవాడు వస్తున్నాడు, ఇచ్చేద్దాం."

"ఎవర్నిరా ముసల్ది అంటున్నావ్?"

"లారీనమ్మా!"

"నాకలా వినపడలేదు."

ఆ వీధిలో ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచేవాళ్లే లేరు, అందరికీ స్టీరింగమ్మే. భర్త పోయాక ఆ లారీ ఎక్కి, ఇరవై రెండేళ్లు ఇసుకా ఇటుకలూ తోలింది. కొడుకుని చదివించి, లారీల బరువు తూచే కాటా ఆఫీసులో ఉద్యోగస్థుణ్ణి చేసింది. ఇప్పుడావిడకి యాభై తొమ్మిది. ఏడాదిగా కొడుకు ఒకటే పోరు: ఇక ఇంట్లో కూర్చోమని.

వంటింట్లోంచి కోడలు వచ్చింది. పెళ్లై నాలుగు నెలలు. పుట్టింట్లో నాన్న షెడ్డులో పదేళ్లపాటు ఇంజిన్లు విప్పి బిగించిన పిల్ల. అత్తయ్య తన బండి మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వదని తెలిసి ఇన్నాళ్లూ దూరంగానే ఉంది. ఈసారి ఆగలేకపోయింది.

"అత్తయ్యా, రేడియేటర్లో నీళ్లు తగ్గుతున్నాయా?"

"రోజుకి బిందెడు తాగుతోంది. కింద చుక్క కారడం లేదు."

కోడలు ఆయిల్ కడ్డీ లాగి చూసింది. నల్లగా ఉండాల్సిన ఆయిల్ పాలు కలిపినట్టు గోధుమరంగులో ఉంది. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉండటంతో రేడియేటర్ మూత తీసి, మళ్లీ స్టార్ట్ చెయ్యమంది. నీళ్లలో బుడబుడమని బుడగలు లేచాయి.

"ఇంజిన్ పోలేదు అత్తయ్యా! హెడ్ గ్యాస్కెట్ పోయింది!" గంతేసినంత పనిచేసింది. "ఇంజిన్ దిమ్మకీ పైన మూతలా ఉండే హెడ్డుకీ మధ్య పలచటి రేకులాంటిది ఉంటుందే, అది కాలిపోయింది. నీళ్లు సిలిండర్లోకెళ్లి పొగవుతున్నాయి. మంట గాలేమో నీళ్లలోకొస్తోంది."

"అదేనని గ్యారంటీ ఏంటి?" అన్నాడు కొడుకు.

"పదకొండు దాకా టైముందిగా. విప్పి చూపిస్తా."

స్టీరింగమ్మ కోడల్ని ఎగాదిగా చూసింది. స్పానర్ల పెట్టె తెచ్చి ముందు పెట్టింది.

నీళ్లు దించారు, పైపులు విప్పారు, బోల్టులన్నీ వదులు చేశారు. పదకొండు కావస్తుండగా ముగ్గురూ కలిసి "హుప్" అని హెడ్డు పైకెత్తారు. రెండో సిలిండరుకీ మూడోదానికీ మధ్య గ్యాస్కెట్ బొగ్గులా కాలి తెగిపోయి ఉంది.

"చూశారా! నే చెప్పలా!" కోడలి కేకకి పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగిచూశారు.

తర్వాత హెడ్డు మీద తిన్నటి ఉక్కు బద్ద ఆనించింది. మధ్యలో సందు కనిపించింది. హెడ్డు వంగింది. మరిగిపోతున్న ఇంజిన్‌ని చాలాసేపు నడిపితే తప్ప అంత వంగదు. తలెత్తి అత్తగారి వైపు చూసింది. ఆవిడ చూపు తిప్పుకుంది.

"ఎందుకలా వంగింది?" అన్నాడు కొడుకు.

"పాత హెడ్డు కదండీ," అంది కోడలు మెల్లిగా. "లేత్ షాపులో చదును చేయిస్తే సరిపోతుంది."

గేటు దగ్గర హారన్ మోగింది. పాతసామాన్లవాడు. కొడుకు అటు కదిలాడు. "ఇవాళ బాగుచేస్తాం, రేపు ఇంకోటి పోతుంది. ఇచ్చేద్దామమ్మా."

"ఆగరా." స్టీరింగమ్మ వాడి చెయ్యి పట్టుకుంది. "ఆ పిల్ల నన్ను కాపాడుతోంది. తప్పు లారీది కాదు, నాది. పోయినవారం ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ఇంజిన్ వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటింది. చూశాను. చూసీ ఆపలేదు."

"ఎందుకమ్మా?"

"ఆపితే నీకు ఫోన్ చెయ్యాలి. చేస్తే ఏమంటావ్? 'చెప్తే విన్నావా, ఇక ఇంట్లో కూర్చో' అంటావ్. ఆ మాట వినలేకే కొండంతా ఎక్కించేశాను. నా చేతులతో నేనే కాల్చుకున్నాను."

కొడుక్కి అప్పుడు అర్థమైంది. నడిరోడ్డు మీద ఒంటరిగా ఉన్న తల్లికి, ఇంజిన్ కంటే తన ఫోనే ఎక్కువ భయం పుట్టించింది! గేటు దగ్గరికెళ్లి పాతసామాన్లవాణ్ణి పంపేశాడు. తిరిగొచ్చి చొక్కా చేతులు మడిచాడు. "లేత్ షాపుకి హెడ్డు నేను తీసుకెళ్తా."

మర్నాడు సాయంత్రానికి చదునైన హెడ్డు కొత్త గ్యాస్కెట్ మీద కూర్చుంది. మధ్య బోల్టు నుంచి మొదలుపెట్టి చివర్లకి, మూడు విడతలుగా బిగించారు. కొడుకు బోల్టుల వరస రాసుకున్న కాగితం చూసి చెబుతుంటే, కోడలు రెంచ్ లాగుతుంటే, సరిపడా బిగిసి రెంచ్ "టక్" అన్నప్పుడల్లా స్టీరింగమ్మ "పడింది!" అని అరిచింది. కొత్త ఆయిల్, కొత్త నీళ్లు పోశారు.

"తిప్పండి అత్తయ్యా!"

ఒకసారి మూలిగింది. రెండోసారి దగ్గింది. మూడోసారి ఇంజిన్ అందుకుని పెరడు దద్దరిల్లింది. మొదట తెల్లపొగ వచ్చింది. ముగ్గురూ పొగగొట్టం వైపే చూశారు. పొగ పలచబడి, మాయమైపోయింది. రేడియేటర్లో ఒక్క బుడగ లేదు! కోడలు చప్పట్లు కొట్టింది. స్టీరింగమ్మ కిందికి దూకి, గ్రీజు చేతుల్తోనే కోడల్ని వాటేసుకుంది. "నా తల్లే! ఇక ఈ బండి మీద నీ చెయ్యే పడాలి!"

ఆవిడ మళ్లీ సీట్లోకి ఎక్కుతుంటే కొడుకు తలుపు పట్టుకున్నాడు.

"అమ్మా, దారిలో ఏదైనా అయితే నాకు ఫోన్ చెయ్యి. తిట్టను."

"తిడతావ్."

"సరే, తిడతాను," అంటూ వాడు తలుపు వేశాడు. "తిట్టుకుంటూనే వస్తాను."