తల వాల్చితే కనిపించేది

జగన్నాథపురం చర్చిలో ఆదివారం ఆరాధన జరుగుతోంది. రెండో వరసలో నిలబడి పాట పాడుతున్న ఐజాక్ చేతులకు శశిభూషణ్ బేడీలు వేశాడు. పాట ఆగిపోయింది.

పక్కనే ఉన్న సువార్తమ్మ కొడుకు చెయ్యి పట్టుకుంది. "ఏంటి బాబూ ఇది? మా అబ్బాయి ఏం చేశాడండి?"

"దేశద్రోహం" అన్నాడు శశిభూషణ్, చివరి వరసకి కూడా వినబడేలా.

అంత గట్టిగా అననక్కర్లేదు. కానీ సీక్రెట్ ఏజెంటుగా ఇన్నేళ్లూ పేరూ ఊరూ దాచుకుని బతికినవాడికి, ఒక్కసారైనా జనం ముందు హీరో అనిపించుకోవాలని బుద్ధి పుట్టింది. ఏజెంటైనా మనిషే కదా.

మంగళవారం పొద్దున్న చీఫ్ మాణిక్యాంబ నుంచి పిలుపొచ్చింది. కాకినాడలో వాళ్ల ఆఫీసు పైకి రొయ్యల చెరువుల మందుల షాపు. కౌంటర్ దగ్గర శశిభూషణ్ కోడ్ వర్డ్ చెప్పాడు.

"వైట్ స్పాట్ తెగులుకి మందుందాండి?"

"పాత చెరువుకా, కొత్త చెరువుకా?"

"ఇంకా తవ్వని చెరువుకి."

వెనకగది తలుపు తెరుచుకుంది. మాణిక్యాంబ కూర్చోమనలేదు.

"నిన్న సముద్రంలోంచి ఎవరో కోడ్ కొట్టారు. ఉప్పాడ దగ్గర గ్యాస్ టెర్మినల్లో మెయిన్ వాల్వు కొంచెం తెరుచుకుని మూసుకుంది. టెస్టింగ్ అన్నమాట."

"ఏ రోజు కోడ్ మేడమ్?"

"నిన్నటిదే. కోడ్ రోజూ మధ్యాహ్నం మారుతుంది. ఆదివారం నుంచి లాకప్‌లో ఉన్నవాడికి నిన్నటి కోడ్ ఎలా తెలుస్తుంది శశీ?"

 శశిభూషణ్ చెవులు కాలిపోయాయి.

"టెర్మినల్ కోడ్ అమ్ముతున్నాడని ఐజాక్ పేరు నీకెవరు చెప్పారు?"

"వర్షిణి."

వర్షిణి ఉప్పాడ పట్టుచీరలు ఎగుమతి చేస్తుంది. విదేశీ ముఠాలో చేరి మన కోసం పనిచేస్తున్న డబుల్ ఏజెంట్ అని రికార్డు. చూపు తిప్పుకోలేనంత అందగత్తె అని రికార్డులో లేదు గానీ, శశిభూషణ్ ఆ సంగతి స్వయంగా వెరిఫై చేసుకున్నాడు. ఐజాక్ విషయంలో మాత్రం ఏదీ వెరిఫై చేసుకోలేదు.

"కోడ్ తెలిసిన ప్రతివాళ్ల ఫోనూ వింటున్నాం" అంది మాణిక్యాంబ. "సేఫ్టీ సలహాదారు సత్యనారాయణ గారి హాల్లో కూడా కెమెరాలు పెట్టాం. ఎక్కడా ఏమీ దొరకలేదు. ఇవాళ గ్యాస్ ఓడ వచ్చి ఉంది. వాల్వు పూర్తిగా తెరిచారంటే ఉప్పాడ తీరం కాలిపోతుంది. నేరం మళ్లీ ఐజాక్ మీదికీ, లేని అతని ముఠా మీదికీ పోతుంది. ముందు సత్యనారాయణ గారిని కలిసి అడుగు, వెళ్లు."

సత్యనారాయణ గారంటే కాకినాడలో అందరికీ గౌరవం. రిటైరైన పెద్ద ఇంజనీరు. ఆయన గుమ్మంలో అడుగుపెట్టగానే ఎవరైనా కూలింగ్ గ్లాసెస్ తీసి జేబులో పెట్టుకుంటారు. పెద్దల ముందు నల్లద్దాలు పెట్టుకుని కూర్చునే పెంపకం గోదావరి జిల్లాల్లో ఎవరింట్లోనూ ఉండదు. శశిభూషణ్ కూడా ప్రతిసారీ తీసేవాడు.

ఇవాళ తియ్యలేకపోయాడు. హీరోనయ్యానన్న సంబరంతో రాత్రంతా నిద్రలేక కళ్లు ఎర్రబడ్డాయి. ఇప్పుడు వాటిని ఎవరికీ చూపించాలని లేదు.

"రా నాయనా" అన్నారు సత్యనారాయణ, పడక్కుర్చీలో కండువా కప్పుకుని. కళ్లజోడు వంక ఒక్క క్షణం చూసి ఊరుకున్నారు. ఎదురుగా సోఫాలో వర్షిణి, సన్నటి బంగారు ఫ్రేము నల్లద్దాలతో, చెవిలో ఇయర్‌ఫోనుతో ఉంది. కళ్లకి ఆపరేషన్ అయిందని ఆవిడకి ముందే మినహాయింపు. శశిభూషణ్‌ని ఆవిడ కలిసేది ఎప్పుడూ ఈ హాల్లోనే. గోడవారగా బల్లమీద పాత కంప్యూటర్ మానిటర్ తెల్లగా వెలుగుతోంది. చెడిపోయిందనీ, బాగుచేసేవాడు రావట్లేదనీ ఆయన నెల్లాళ్లుగా అంటున్నారు.

"ఐజాక్ నిర్దోషండి" అన్నాడు శశిభూషణ్. అనగానే చర్చిలో ఆ తల్లి ముఖం గుర్తొచ్చింది. పెద్దాయన కళ్లలోకి చూడలేక తల పక్కకి వాల్చేశాడు.

తెల్లటి తెర మీద అంకెలు కనిపించాయి.

ఉలిక్కిపడి తల ఎత్తాడు. తెర మళ్లీ ఖాళీ. వాల్చాడు. 4, 9, 1.

ఎప్పుడో ట్రైనింగులో విన్న పాఠం బుర్రలో వెలిగింది. తాడుని కిటికీ నిలువు చువ్వల మధ్య నుంచి పోనిచ్చి పైకీ కిందికీ ఊపితే అల అవతలికి పోతుంది. అడ్డంగా ఊపితే చువ్వలకి తగిలి ఆగిపోతుంది. వెలుగూ అంతే. మానిటర్ ముందుభాగంలో ఉండే పోలరైజింగ్ ఫిల్టర్ పొరని ఎవరో ఒలిచేశారు. అంకెల వెలుగు ఒక దిశలో ఊగుతోంది, చుట్టూ ఉన్న వెలుగు దానికి అడ్డదిశలో. మామూలు కంటికీ, కెమెరాకీ ఆ తేడా తెలియదు, అంతా తెలుపే. తను పెట్టుకున్నలాంటి పోలరాయిడ్ అద్దాలతో తిన్నగా చూసినా రెండు వెలుగులూ సగం సగం తగ్గి సమానమైపోతాయి. తల ఏటవాలుగా వంచితేనే ఒకటి పూర్తిగా వస్తుంది, రెండోది నల్లబడుతుంది.

వర్షిణి తల ఓరగా వంచి నవ్వుతోంది. ఆ నవ్వు చూసే కదా ఆమె మాట నమ్మాడు! ఆ వంపు తన కోసమేనని నెల్లాళ్లు మురిసిపోయాడు. ఆమె చూసింది తన భుజం వెనకున్న తెరని. శశిభూషణ్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది.

"తల నిటారుగా పెట్టండి శశీ గారూ" అంది వర్షిణి మెల్లిగా. పట్టుపైట చాటున పిస్టల్ మొన కనిపించింది. పెదాలు కదలీ కదలనట్టు ఇయర్‌ఫోనులోకి అంది, "నాలుగు, తొమ్మిది, ఒకటి, ఏడు, సున్నా. ఇంకొక్కటే."

సత్యనారాయణ కుడిచెయ్యి కండువా కింద కదిలింది. తెర మీదికి అంకెలు పంపే కీప్యాడ్ అక్కడుంది. మానిటర్ ప్లగ్గు ఆయన పాదాల పక్కన, గోడకుంది.

శశిభూషణ్ సాష్టాంగపడ్డాడు.

"తప్పు చేశానండి! తల్లి కళ్లముందే కొడుకుని దొంగని చేశానండి! క్షమించండి!"

నటన అనుకునే మొదలెట్టాడు. సగంలోనే కన్నీళ్లు నిజంగానే కారాయి.

ఎంత దేశద్రోహి అయినా సత్యనారాయణ ఈ నేల మీద పెరిగిన మనిషి. కాళ్లమీద ఎవరైనా పడితే చెయ్యి దానంతటదే లేస్తుంది. కండువా కిందనుంచి లేచింది, దీవెన "దీర్ఘాయు..." దాకా వచ్చింది. కీప్యాడ్ నేలమీద పడింది. శశిభూషణ్ ప్లగ్గు పీకి, ఆ పాదాల్నే గట్టిగా లాగాడు. ఆయుష్షు సగంలో ఆగింది, పెద్దాయన కుర్చీతో సహా వర్షిణి మీద బోర్లా పడ్డారు. పిస్టల్ పేలి పైకప్పు పెచ్చు రాలింది.

పిస్టల్‌ని కెమెరాలు చక్కగానే చూశాయి. మాణిక్యాంబ మనుషులు లోపలికి దూసుకొచ్చారు. ఇయర్‌ఫోను అవతల, సముద్రంలో ఉన్న పడవవాడు ఆఖరి అంకె ఊహించి కొట్టాడు. తప్పు. వాల్వు లాకైపోయింది.

సాయంత్రం ఐజాక్‌ని శశిభూషణే ఇంటికి తీసుకెళ్లాడు.  గుమ్మంలో సువార్తమ్మ కొడుకుని తడిమి తడిమి చూసుకుంది. శశిభూషణ్ ఆమె కాళ్లమీద పడబోయాడు.

"వద్దు బాబూ. మేం మనుషుల చేత కాళ్లు పట్టించుకోమండి."

"మరి నేనేం చెయ్యాలమ్మా?"

"ఇంట్లో చెప్పి వెళ్లిపోతే ఎలాగండి? అన్నది అందరి ముందూ కదా. ఆదివారం రండి."

మాణిక్యాంబ ఫోనులో మండిపడింది. "పిచ్చెక్కిందా? అంతమంది ముందు నిలబడితే నీ కవర్ ఏమవుతుంది?"

"పోతుంది మేడమ్."

ఆదివారం పాట అయ్యాక అతను మైకు ముందుకొచ్చాడు.  

"నా పేరు శశిభూషణ్" అన్నాడు, చివరి వరసకి కూడా వినబడేలా. "ఐజాక్ ఏ తప్పూ చెయ్యలేదు. చేసింది నేను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. రెండో వరసలో ఐజాక్ తల ఎత్తి చూసి, కాస్త పక్కకి జరిగి బెంచీ మీద చోటిచ్చాడు.

ఆ మర్నాటికి జగన్నాథపురంలో పాలవాడి దగ్గర్నుంచి ఆటోవాడి దాకా అందరూ అతన్ని పేరుపెట్టి పిలవడం మొదలెట్టారు. గూఢచారిగా శశిభూషణ్ ఇక దేనికీ పనికిరాడని హెడ్డాఫీసు తేల్చేసింది.