చేపతో ఇవ్వని చీటీ

కళ్లజోళ్ల షాపులో పనిచేసేవాడికి చేప ఒంటి మీది తెల్లమచ్చలు కనిపించలేదంటే, అక్కడ కళ్లజోళ్లు కొన్నవాళ్ల గతేమిటో మీరే ఆలోచించుకోండి. అయినా కనిపించలేదనడం అబద్ధం. కనిపించాయి. చేప మెరుస్తోందని మురిసిపోయాడు.

మూడో రోజుకి ఆ మెరుపులు ఒళ్లంతా పాకాయి. వాడి బామ్మ ఎనిమిదేళ్లుగా పెంచుకుంటున్న గోల్డ్‌ఫిష్, ఇంటిల్లిపాదీ జమీందారు అని పిలిచేది, తిండి మానేసి ట్యాంకు అడుగున పడుకుంది. పొద్దున్నే దాన్ని పలకరించాకే మనుషులతో మాట్లాడే మనిషి బామ్మ. "వాడికేమైనా అయిందా, నీ మొహం నాకు చూపించకు," అనేసింది.

మనవడు ఫోనులో ఫొటో తీసుకుని, వానలో తడుస్తూ అక్వేరియం షాపుకి పరిగెత్తాడు.

కౌంటర్ వెనక ఓనరుగారమ్మాయి ఉంది. ఫొటో చూసింది. వాడి మొహం చూసింది. రెండింట్లో ఏది ఎక్కువ జాలిగా ఉందో తేల్చుకోలేనట్టు మళ్లీ ఫొటో చూసింది.

"ఎన్నాళ్లయింది?"

"మూడు రోజులండీ. మా బామ్మ చేప, పేరు జమీందారు. మెరుస్తోందేమో అనుకున్నా."

"ఒళ్లంతా ఉప్పు చల్లినట్టుంటే మెరుపా? సార్ ఏం చేస్తుంటారు?"

"కళ్లు... చెక్ చేస్తుంటాను."

ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

"ఇవి పురుగులు. చర్మం కింద దూరి చేపని తినేస్తాయి. పైకి బాగానే కనబడే కొత్త చేప కూడా వీటిని మోసుకొస్తుంది. ఈమధ్య కొత్తవేమైనా వేశారా?"

"మీ దగ్గర కొన్నవేగా. వారానికొకటి. మొత్తం అయిదు."

"అయిదూ నేరుగా బామ్మగారి ట్యాంకులోకే? భేష్! అయినా వారానికో చేప ఎందుకో?"

అసలు జవాబు కౌంటర్ వెనకే నిలబడి ఉంది. అది చెప్పే ధైర్యమే ఉంటే మన వీరుడు చేపల మీద పడేవాడా?

"రంగులు బాగున్నాయని," అని నసిగాడు.

ఆమె మందు సీసా, హీటరు తీసి ముందు పెట్టింది. "నీళ్ల వేడి మెల్లమెల్లగా ముప్ఫైకి తీసుకురండి. ఒక్కసారే పెంచి జమీందారుని ఉడకబెట్టకండి. ఎయిర్ పంపు ఆపొద్దు. ఫిల్టర్‌లో బొగ్గు తీసేయండి, లేకపోతే మందంతా అదే పీల్చేసుకుంటుంది. రోజూ గులకరాళ్ల మధ్య చెత్త లాగేయండి. రాసుకోండి. మీ కళ్ల సంగతి చూశాక మీ జ్ఞాపకశక్తిని నమ్మలేను."

అయిదో రోజు మనవాడు గాల్లో తేలుతూ వచ్చాడు. "మచ్చలు పోయాయండీ! మందు ఆపేశాను."

"ఆపేశారా!" షాపులో చేపలన్నీ ఇటే తిరిగాయేమో అనిపించింది వాడికి. "పురుగు చచ్చిపోలేదు మహానుభావా. చేపని వదిలి అడుక్కి దిగింది. అక్కడ వందల పిల్లల్ని పెడుతుంది. అవి మళ్లీ చేపని వెతుక్కుంటూ ఈదుతాయి. మందు పనిచేసేది అప్పుడే. మీకన్నా ఆ పురుగే నయం, దానికో పద్ధతుంది. వెళ్లి మందెయ్యండి!"

పరిగెత్తాడు. ఆ తర్వాత రోజూ షాపుకెళ్లి జమీందారు యోగక్షేమాలు చెప్పడం, నాలుగు చీవాట్లు తిని ఇంటికి రావడం. సిగ్గులేనివాడు, ఒక్కరోజు కూడా మానలేదు.

పదిహేనో రోజు జమీందారు పైకొచ్చి బామ్మ చేతిలోంచి తిండి తిన్నాడు. ఆ మాట చెప్పాలని మనవాడు వెళ్లేసరికి ఆమె ఎవరికో చేప కవరు అందిస్తోంది. "మూడు వారాలు విడిగా ఉంచండి. అప్పటిదాకా పాతవాటిలో కలపొద్దు. ఇదిగో, చీటీలో అంతా ఉంది," అంటూ కవరుకి గులాబీరంగు కాగితం స్టాప్లర్‌తో కొట్టి ఇచ్చింది.

ఆయన వెళ్లేదాకా వాడు ఆగాడు.

"ఈ చీటీ అందరికీ ఇస్తారా?"

"అందరికీ. ఏం?"

"అయిదు చేపలు కొన్నాను. నాకొక్కటీ ఇవ్వలేదే?"

ఆమె స్టాప్లర్ తీసుకుని ఉత్తినే రెండుసార్లు నొక్కింది.

"మర్చిపోయాను."

"అయిదుసార్లా?"

"ఇస్తే," అంది చివరికి, తలెత్తకుండా, "మూడు వారాల దాకా నువ్వు మళ్లీ రావుగా."

వాడి కళ్లు మొదటిసారి సరిగ్గా పనిచేశాయి. ఆమె కళ్లలో నీళ్లున్నాయి.

"పెద్దావిడ చేప పోయుంటే ఏ మొహం పెట్టుకునేదాన్ని? ఆ భయానికే నిన్ను రోజూ తిట్టాను."

"నేను కూడా... రంగుల కోసం రాలేదు."

"తెలుసు. రంగుల కోసం వచ్చేవాడు ఒకే రంగువి అయిదు కొనడు."

వాడు అక్కడే నిలబడి బామ్మకి ఫోను చేసి, స్పీకర్‌లో పెట్టి, చీటీ సంగతి, చేపల సంగతి, తన సంగతి గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు.

"అంటే నా జమీందారుని చంపబోయింది నువ్వొక్కడివే కాదన్నమాట," అంది బామ్మ. "ఆదివారం ఆ పిల్లని తీసుకురా. ఇద్దర్నీ కలిపి ఒకేసారి తిడతాను, నాకు శ్రమ తగ్గుతుంది."

"మూడు వారాలు విడిగా ఉంచక్కర్లేదా బామ్మా?"

"అది చేపలకిరా, దద్దమ్మా!"