బొట్టు పెట్టి పిలిచిన గవర్నరు

ఆ ఆగస్టు శనివారం ఉదయం ఆక్లాండ్ శివారు మౌంట్ రాస్కిల్‌లో చలికాలపు చలి జనం పళ్ళతో తాళం వేయిస్తోంది. రాజ్యం వంటింట్లో సర్వపిండి తడుతోంది. ఆవిడ భర్త కిషన్‌రావు టీవీకి అతుక్కుపోయాడు. అమెరికాలో అధ్యక్ష అభ్యర్థి ఉపాధ్యక్ష పదవికి ఏ పాపులర్ గవర్నరును జోడీగా ఎంచుకుంటారోనని ఒకటే చర్చ.

"పక్కన గవర్నరుంటే గెలుపే!" అన్నాడు.

"అమెరికా గవర్నరు మన ఉల్లిగడ్డలు కొయ్యడు. మీరు కొయ్యుండ్రి," అంది రాజ్యం.

కిషన్‌రావుకూ ఎన్నికలున్నాయి. ఆక్లాండ్‌లోని ఒక తెలుగు సంఘానికి అధ్యక్షుడిగా పోటీ. పదవి ఆయన పెదవి మీద, పని ఆవిడ నెత్తి మీద. బతుకమ్మకు పూలు ఏరేది, దసరాకు వండేది, ఆదివారం బడిలో పిల్లలకు అక్షరాలు దిద్దించేది రాజ్యమే. "ఇంట్లనే రాజ్యముంటే నాకేం తక్కువ?" అనేది ఆయన పాత జోకు. "ఈసారి ఉపాధ్యక్షురాలివి నువ్వే," అని ఉగాదినాడు మాటిచ్చాడు. ఎప్పుడూ ‘కిషన్‌రావు మిసెస్’గానే మిగిలిన ఆవిడకు, తన పేరు బ్యాలెట్ కాగితం మీద చూసుకోవాలని ఆశ.

అందుకే వారమంతా కుంకుమ భరిణెతో ఇల్లిల్లూ తిరిగి, టీకి రమ్మని ఆడవాళ్ళకు బొట్టు పెట్టింది. ఫోన్ చేస్తే వంక చెప్తారు, బొట్టు పెడితే వంక ఉండదు. మౌంట్ ఆల్బర్ట్‌లో శివ్‌కుమారి ఇంటికి మాత్రం కిషన్‌రావే వెంటబెట్టుకుని తీసుకెళ్ళాడు. ఆమె భర్త ధీరేంద్ర ఫిజీ తెలుగువాడు. ఒక సేవా క్లబ్బుకు జిల్లా గవర్నరుగా చేశాడు. పదవి పోయినా పేరు పోలేదు, అందరికీ ఇప్పటికీ ‘గవర్నరే.’

మధ్యాహ్నానికి ఇల్లు నిండింది. కిషన్‌రావు గొంతు సవరించుకున్నాడు.

"మన ప్యానెల్‌కు ఉపాధ్యక్షుడు... మన గవర్నర్ ధీరేంద్రగారు!"

చప్పట్లు మోగాయి. రాజ్యం అప్పుడే టీ ట్రేతో ముందుగదిలోకి వచ్చింది.

ధీరేంద్ర లేచి చేతులు జోడించాడు. "ఈ సీటు అక్కదని విన్నాను. కానీ అక్కే మా ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలిచిందంటే తనకు సమ్మతమేననుకున్నాను. ఆ పిలుపు లేకుంటే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు."

రాజ్యం ట్రే అక్కడే పెట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. కిషన్‌రావు వెనకే పరిగెత్తాడు.

"ఏందే, అందరి ముంగట..."

"నా సీటు పొయ్యేటందుకు నా చేతనే బొట్టు పెట్టించినవా?" ఏనాడూ ‘మీరు’ దాటని గొంతు అది.

"ఫిజీవాళ్ళ ఓట్లు, రాజ్యం! గవర్నరు లేకుంటే ఓడిపోతం. నీకు చెప్తే పోతుంటివా?"

"అడిగితే నేనే తప్పుకుందునేమో! అడగకపోతివి. కుంకుమను ఎర జేసినవు."

గుమ్మంలో శివ్‌కుమారి నిలబడి ఉంది.

"అక్కా, నీకు తెలీదా?"

రాజ్యం తల అడ్డంగా ఊపింది. శివ్‌కుమారి దేవుడి ముందున్న భరిణె అందుకుని రాజ్యం నుదుట బొట్టు పెట్టింది. "తెలీక నీ పీట మీద కూర్చున్నాం. ఇప్పుడు నేను పిలుస్తున్నాను, రా." చెయ్యి పట్టుకుని ముందుగదిలోకి నడిపించింది. "ఏమండీ, అక్కకు ఈ సంగతే తెలీదు."

ధీరేంద్ర నవ్వు మాయమైంది. అందరి వైపూ తిరిగి అన్నాడు: "ఉపాధ్యక్షుడిగా నిలబడతానన్నాను, నిలబడతాను. అక్క అధ్యక్షురాలిగా నిలబడితేనే."

అందరూ కిషన్‌రావు వైపు చూశారు. ఆయన రాజ్యం వైపు చూశాడు. రాజ్యం ఆయన వైపు చూడటం లేదు. ఆ చూడకపోవడమే ఆయన్ని కూల్చింది.

"నేను తప్పుకుంట," అన్నాడు.

"తప్పుకుంటే తప్పు పోదు," అంది రాజ్యం. "రేపు మళ్ళ ఇల్లిల్లూ తిరగాలె. కారు మీరు తోలుండ్రి. ఏం చేసిన్రో ప్రతి గడప కాడ మీరే చెప్పుండ్రి. అటెన్కనే నేను బొట్టు పెడత."

భరిణె ఆయన చేతిలో పెట్టింది. రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు కిషన్‌రావు. కన్నీళ్ళు కారిపోతున్నాయి.

"మూత పెట్టుండ్రి," అంది రాజ్యం, కొంగు అందిస్తూ. "కుంకుమ తడుస్తది."