సుగుణమణి సాక్ష్యం

ఆదివారం పొద్దున సుగుణమణి ఉప్మాకి రవ్వ వేయిస్తుంటే, మేడ మీది గదిలో అద్దెకుండే నీమా దిగివచ్చి వంటింటి గడపలో నిలబడింది. టాంజానియా నుంచి వచ్చి ఇక్కడ డిగ్రీ చదువుతున్న పిల్ల. ఆదివారం వచ్చిందంటే పాత పుస్తకాల కోసం అబిడ్స్ ఫుట్‌పాత్‌లకు పరుగెత్తేది. ఆ రోజు చెప్పులు కూడా వేసుకోలేదు.

"ఆంటీ, నేను గది ఖాళీ చెయ్యాల్నా? పరీక్షలు దగ్గరికొచ్చినయి. ఇంకెక్కడా ఇస్తలేరు," అంది, సుగుణమణి దగ్గరే నేర్చుకున్న తెలుగులో.

"ఎవరన్నరే?"

"అందరు. పాలాయన గూడ ఇప్పుడు నన్ను పేరుతోటి పిలుస్తలేడు."

సుగుణమణి స్టవ్ ఆపేసింది. ఎవరన్నారో ఆమెకు చెప్పనక్కర్లేదు. నాంపల్లి స్టేషన్ వెనక ఆ గల్లీలో దాదాపు అందరూ ఒకే చర్చివాళ్లు. ఆ చర్చి కమిటీకి సెక్రటరీ ఆమె బావగారు రాబర్ట్. నెల కింద గల్లీలో ఒక స్కూటర్ పోయింది. తీసినవాణ్ణి ఎవరూ చూడలేదు. రాబర్ట్ మాత్రం మీసం సవరించుకుని, "గీ ఆఫ్రికా హబ్షీలను పెట్టుకుంటే గిట్లనే ఐతది," అన్నాడు. అంతే. అప్పటిదాకా స్కూటర్ గురించి మాట్లాడుకున్నవాళ్లు ఆ రోజు నుంచి హబ్షీల గురించే మాట్లాడుకున్నారు. వీధిదీపం వెలగట్లేదన్న సంగతి ఎవరి నోటా రాలేదు. ఇక సాయంత్రం రాబర్ట్ ఇంట్లో ప్రార్థన కాగానే, అలాంటివాళ్లకు గల్లీలో ఇళ్లు ఇవ్వకూడదని తీర్మానం చేయబోతున్నారు.

ఆ నోరు సుగుణమణికి కొత్తా? పెళ్లిచూపుల్లో "లైటెయ్యున్రి, పిల్ల కనబడ్తలేదు" అని నలుగురినీ నవ్వించింది ఆ నోరే. "మా ఇంటి బొగ్గు" అని చుట్టాలకు పరిచయం చేసిందీ ఆ నోరే. కొడుకు పుట్టినప్పుడు, రంగు తండ్రిది వచ్చినందుకు స్తోత్రమని ప్రార్థనలోనే అన్నాడు మహానుభావుడు. అప్పుడు ఆమె అందరితో కలిసి నవ్వింది కూడా. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఆమెకు ఒళ్లు మండుతుంది.

"ఇయ్యాల సాక్ష్యం నేను చెప్త," అంది మొగుడితో.

రిచర్డ్ చదువుతున్న పేపరు దించాడు. "ఇయ్యాల వద్దు మణీ. అన్న బిడ్డ జెర్లిన్‌ను చూసుకోనీకి మెదక్ నుంచి పిల్లగాని వాళ్లొస్తున్నరు. అన్న పరువు పోతది."

"అందుకే ఇయ్యాల."

ఇంటి ప్రార్థనలో, దేవుడు తనకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి లేచినవాళ్లను మధ్యలో ఆపకూడదు. దేవుని ముందు చెప్పుకునే మాట కాబట్టి పాస్టరు కూడా ఆపడు. అంటే రాబర్ట్ తన సొంత హాల్లో, కాబోయే వియ్యాలవారి ముందు నోరు మూసుకుని వినాల్సిందే. ఆ ఊహకే ఆమెకు ఆకలి పుట్టింది. ఉప్మా మారు వడ్డించుకుని తిన్నది.

సాయంత్రం హాలు నిండిపోయింది. మెదక్ వాళ్లను ముందు వరుసలో కుర్చీల్లో కూర్చోబెట్టారు. జెర్లిన్ పాట పాడింది. తల్లి చిన్నప్పుడే పోతే, ఆ పిల్లకు స్కూలుకు జడలు వేసి పంపింది సుగుణమణే. ఇప్పుడు రాబర్ట్ బ్యూటీ పార్లర్‌కు పంపి తీసుకొచ్చాడు. మొహం ఒక రంగు, మెడ ఒక రంగు.

సుగుణమణి నీమాను పక్కన కూర్చోబెట్టుకుంది. పాట అయ్యీ అవగానే లేచింది.

"మా మరదలు! చెప్పమ్మా," అన్నాడు రాబర్ట్ మెదక్ వాళ్ల వైపు చూసి నవ్వుతూ.

"దేవుడు నన్ను నల్లగ పుట్టించిండు. అందుకు వందనాలు," అని మొదలుపెట్టింది. లైటు మాట చెప్పింది. బొగ్గు మాట చెప్పింది. కొడుకు పుట్టిన నాటి ప్రార్థన చెప్పింది. ఒక్కో మాటకూ రాబర్ట్ నవ్వు కొంచెం కొంచెం చచ్చిపోతుంటే ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"ఇదేం సాక్ష్యం, పాస్టర్ గారూ?" అన్నాడు రాబర్ట్.

"చెప్పనియ్యున్రి," అన్నాడు పాస్టరు.

అక్కడ ఆగితే సరిపోయేది. కానీ ఇన్నేళ్ల కసి ఆగుతుందా? "నల్లోళ్లకు ఇల్లు ఇయ్యొద్దంటున్నవు గద బావా, మరి నీ ఇంట్ల ఉన్నది ఎవరు? మెదక్ వాళ్లూ, ఆ పౌడరు కడిగించి చూడున్రి మా జెర్లిన్‌ను!"

జెర్లిన్ లేచి లోపలికి వెళ్లిపోయింది. రాబర్ట్ తల వాలిపోయింది. పెళ్లిచూపుల నాటి నుంచి సుగుణమణి ఎదురుచూసిన తల అది. కళ్లారా చూసుకుంది.

అప్పుడు లోపల పంపు విప్పిన చప్పుడైంది. కాసేపటికి జెర్లిన్ వచ్చింది. మొహం నుంచి, జుట్టు నుంచి నీళ్లు కారుతున్నాయి. సన్నజాజుల దండ భుజం మీదికి జారింది. నేరుగా వచ్చి నీమా పక్కన చాప మీద కూర్చుంది.

"నువ్వు నాన్నను కొడ్దామనుకున్నవు చిన్నమ్మా," అంది మెల్లగా. "నాకు తాకింది."

సుగుణమణికి తన మాటే మళ్లీ వినపడింది. లైటెయ్యున్రి అన్నవాడికీ, పౌడరు కడగండి అన్న తనకూ తేడా ఏముంది? ఆ రోజు నలుగురి మధ్య తలొంచుకుని కూర్చున్న పిల్ల తను. ఈ రోజు జెర్లిన్. మోకాళ్ల మీద కూలబడి జెర్లిన్ చేతులు పట్టుకుని బావురుమంది.

మెదక్ వాళ్లు కబురు చేస్తామని చెప్పి లేచి వెళ్లిపోయారు. ఆ సంబంధం నిలుస్తుందో లేదో ఎవరికీ తెలియదు. కమిటీవాళ్లలో ఒకరు గొంతు సవరించుకుని తీర్మానం మాట ఎత్తబోయారు.

"ఏ తీర్మానం లేదు," అన్నాడు రాబర్ట్. కూతురి తడి మొహాన్నే చూస్తున్నాడు. "నీమా బిడ్డ ఆ గదిలనే ఉంటది. పరీక్షలు రాస్తది." ఆ పిల్ల పేరు అతని నోట రావడం అదే మొదలు.

జెర్లిన్ వెనక్కి తిరిగి కూర్చుంది. "జడ ఊడిపోయింది చిన్నమ్మా. వెయ్యి," అంది.

సుగుణమణి ఆ తడి జుట్టును కొంగుతో తుడిచి మూడు పాయలు తీసింది.

"సుగుణమణీ, జర మాఫ్ చెయ్యమ్మా," అన్నాడు రాబర్ట్ వెనక నుంచి. ఆ ఇంటి కోడలైన ఇన్నాళ్లకు ఆయన నోట తన పూర్తి పేరు విన్నది. ఒకప్పుడైతే ఆ మొహం చూడటానికి గిరుక్కున తిరిగేదే. ఇప్పుడు చేతిలో పిల్ల జడ ఉంది. కన్నీళ్లతో కనిపించీ కనిపించని ఆ పాయలను జాగ్రత్తగా అల్లుతూనే ఉంది.