ఆపరేషన్ ప్యారలల్ రన్

కామరాజు చచ్చిపోయాడని చెప్పడానికి జోగారావు ముందుగా కాఫీ తెప్పించాడు. ధాత్రికి అక్కడే ఒళ్లు మండింది.

"చెప్పాల్సింది చెప్పండి సార్. కాఫీ తర్వాత."

పంజాగుట్ట చౌరస్తాకి దగ్గర్లో, ఒక చీరల షోరూమ్ పై అంతస్తులో ఉంది ఆ ఆఫీసు. బయట 'టాక్స్ కన్సల్టెంట్' అని బోర్డు. లోపల కూర్చునే జోగారావు రహస్య నిఘా విభాగానికి హైదరాబాద్ చీఫ్. ఆయన ఎదురుగా నిలబడ్డ ధాత్రి ఏజెంట్ సెవెంటీన్. నెల రోజులుగా ఆమె అమీర్‌పేటలోని ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ ఫ్యాకల్టీ వేషంలో బీబీఏ ఫైనలియర్‌కి మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్, అంటే ఎంఐఎస్ పాఠం చెబుతోంది. గంజిపెట్టిన కాటన్ చీర, నెరిసిన విగ్గు, మెడలో ఐడీ కార్డు, హ్యాండ్‌బ్యాగులో పిస్టల్.

"నిన్న సాయంత్రం అమీర్‌పేట మెట్రో మెట్ల మీద పడిపోయాడు. టీలో విషం," అన్నాడు జోగారావు.

కామరాజు ధాత్రి దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు. మొన్నీమధ్యే పెళ్లయింది. స్టూడెంట్లకి రిపోర్టులు తయారుచేసి ఇచ్చే ముసుగులో ముఠా నడుపుతున్న ప్రాజెక్ట్ సెంటర్‌లో టెక్నీషియన్‌గా చేరమని పంపింది తనే. ఏడుపు రావాల్సిన చోట ఆమెకి ఎప్పుడూ కోపమే వస్తుంది. ఇప్పుడూ అదే వచ్చింది.

"కన్సల్టెంట్ ముఠాయేనా?"

"వాళ్లే." ఆ విదేశీ ముఠా నాయకుడి మొహం ఎవరూ చూడలేదు. అందరికీ తెలిసింది 'కన్సల్టెంట్' అన్న పేరొక్కటే. "టార్గెట్ డాక్టర్ వీర్రాజు. మన రక్షణ శాఖ సైంటిస్ట్. ఆపరేషనయ్యి సోమాజిగూడ హాస్పిటల్లో వెంటిలేటర్ మీద ఉన్నాడు. ఐసీయూ చుట్టూ కమాండోలున్నారు. చీమ కూడా దూరదు. కానీ కామరాజు పంపిన ఆఖరి మెసేజ్ ఇది చూడు."

ఫోన్‌లో ఒకటే వాక్యం: బాంబు కాదు, రిపోర్టు, రేపు పదకొండుకి.

రేపంటే ఇవాళ. గోడ గడియారంలో తొమ్మిదిన్నర దాటింది.

"ప్రాజెక్ట్ సెంటర్‌లో మన డబుల్ ఏజెంట్ మంజూష ఉంది. వాళ్లకి పనిచేస్తున్నట్టు నటిస్తూ మనకి పనిచేస్తోంది. లేదా మనకి పనిచేస్తున్నట్టు నటిస్తూ వాళ్లకి. ఫైల్లో రెండు రకాలుగానూ రాసి ఉంది." జోగారావు సొరుగులోంచి ఎర్రటి వైట్‌బోర్డ్ మార్కర్ తీశాడు. "ఇది ఉంచుకో. మూత తిప్పితే చుట్టుపక్కల సిగ్నళ్లన్నీ జామ్ అయిపోతాయి."

"పోయినసారి ఇచ్చిన కెమెరా పెన్ను కనీసం రాయను కూడా రాయలేదు సార్."

"ఇది రాస్తుందమ్మా. నేను చూశాను."

అమీర్‌పేట సందులో అడుగుపెట్టగానే చేతిలో పాంప్లెట్లు కుక్కారు. పైథాన్, సాప్, డేటా సైన్స్, ఫ్రీ డెమో, హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్. బ్యానర్ మీద బ్యానర్ కట్టి అసలు గోడలు ఏ రంగో తెలియకుండా చేశారు. మూడో అంతస్తులో నక్షత్ర ప్రాజెక్ట్ సెంటర్. జిరాక్స్ టోనర్ వాసన నిండిన ఆ గదిలో వైన్ కలర్ పట్టుచీర కట్టుకుని, పెళ్లి రిసెప్షన్‌కి బయల్దేరినట్టు కూర్చుంది మంజూష.

"స్పైరల్ బైండింగా, హార్డ్ బైండింగా మేడం?" అంది.

"బంగారు అక్షరాలు వేస్తేనే హార్డ్."

"కవర్ మీద ఎవరి పేరు?"

"కవర్ మీద నా పేరుంటే చాలు. లోపల ఎవరి పేరున్నా ఫరవాలేదు."

కోడ్ సరిపోయింది. మంజూష లేచి తలుపు గడియ పెట్టింది. వెనక గదిలో గోడంత స్క్రీన్, దాని మీద హైదరాబాద్ మ్యాప్. మ్యాప్ నిండా ఆరిపోయిన చుక్కలు.

"ప్లాన్ ఇది," అంది మంజూష. "ఇంటర్న్‌షిప్‌కి పోయే ప్రతి స్టూడెంట్‌కీ, లెక్కలన్నీ ఒకే తెర మీద చూపించే డ్యాష్‌బోర్డ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీగా ఇచ్చాం. ఆఫీసులో ఇన్‌స్టాల్ చేసుకో, అదే నీ ఎంఐఎస్ ప్రాజెక్ట్ అని చెప్పాం. పాల కంపెనీలు, గ్యాస్ గోడౌన్లు, హాస్పిటళ్లు. అక్కడి మేనేజర్లు పొద్దున లేస్తే ఆ స్క్రీన్ చూసే నిర్ణయాలు తీసుకుంటారు. లోపలి అంకెలు ఇక్కణ్నుంచి మార్చేస్తారు. ఇంక బాంబుతో పనేంటి?"

"మరి చుక్కలన్నీ ఆరిపోయి ఉన్నాయేం?"

మంజూష పకపకా నవ్వింది. "మీ పిల్లలు ఇంటర్న్‌షిప్‌కి పోతేగా? సర్టిఫికెట్లు ఎదురు సందులో కొనుక్కున్నారు. మేం శాంపిల్‌కి ఇచ్చిన స్క్రీన్‌షాట్లు రిపోర్టులో అతికించి బైండింగ్‌కి ఇచ్చేశారు. సాఫ్ట్‌వేర్ ఎవరూ తెరవనేలేదు. కన్సల్టెంట్ తల పట్టుకు కూర్చున్నాడు. ఈ ఊళ్లో ద్రోహం కూడా సక్రమంగా చెయ్యనివ్వరా అని."

కాపీ కొట్టి దేశాన్ని కాపాడిన తన క్లాసుని చూసి సంతోషించాలో, చెంపలు వాయించాలో ధాత్రికి తెలియలేదు. నెల రోజులు గొంతు చించుకుని చెప్పింది. చెంపలు వాయించడమే న్యాయం అనిపించింది.

"ఒక్క చుక్క మాత్రం వెలిగింది," అంది మంజూష, సోమాజిగూడ మీద వేలు పెట్టి. "ఒక్క పిల్ల నిజంగా పోయి, నిజంగా పనిచేసింది. సాయిమా. హాస్పిటల్ ఆక్సిజన్ ట్యాంక్ లెక్క ఆమె పెట్టిన డ్యాష్‌బోర్డ్‌లోనే నడుస్తోంది. ఖర్చు కలిసొస్తుందని అలారం కూడా దానికే కలిపారు. స్క్రీన్ మీద ట్యాంక్ నిండుగా ఉంది, అందుకే ట్యాంకర్ రాలేదు. పదకొండుకి ఖాళీ అయిపోతుంది."

ఒక్క మనిషిని చంపడానికి వార్డుకి వార్డు. నేరం మాత్రం చెప్పిన పని ఒళ్లు వంచి చేసిన పిల్ల నెత్తిన. ధాత్రి పిడికిలి బిగించింది.

మంజూష లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల పెన్‌డ్రైవ్. "హాస్పిటల్ సర్వర్‌కి ఇది పెట్టండి. దొంగ అంకెలు పోయి అసలువి వస్తాయి. మీ నిఘా విభాగం ఐడీ కార్డుంటే తప్ప సర్వర్ గదిలోకి ఎవర్నీ రానివ్వరు. త్వరగా వెళ్లండి."

"కామరాజుకి టీ ఎవరిచ్చారు?"

మంజూష కళ్లు చెమర్చాయి. "తెలిస్తే నేనే చంపేసేదాన్ని. నాకూ తమ్ముడి లాంటివాడు."

ఆ కన్నీళ్లు నిజమో కాదో పోల్చుకోలేకపోయింది ధాత్రి. లిప్‌స్టిక్ అందుకుని మెట్లు దిగుతూ జోగారావుకి ఫోన్ చేసి, సెంటర్ మీద నిఘాకి మనిషిని పెట్టమంది.

ఆటో పంజాగుట్ట దగ్గర ఇరుక్కుపోయింది. ధాత్రి హాస్పిటల్‌కి ఫోన్ చేస్తే సప్లై మేనేజర్ రవికాంత్ ఎత్తాడు.

"ఆక్సిజనా? ఎయిటీ టూ పర్సెంట్ ఉంది మేడం. గ్రీన్‌లో ఉన్నాం."

"స్క్రీన్ సంగతి కాదు. లేచి వెళ్లి ట్యాంక్ చూడండి."

"ట్యాంక్ వెనకెక్కడో ఎండలో ఉంటుందండి. ఈ డ్యాష్‌బోర్డ్ పెట్టుకున్నదే అక్కడికి వెళ్లకుండా ఉండటానికి కదా." ఫోన్ పెట్టేశాడు.

ధాత్రి తిట్టిన తిట్టుకి ఆటో డ్రైవర్ అద్దంలోంచి భయంగా చూశాడు. ఆమె సాయిమాకి ఫోన్ చేసింది.

"మేడం, నేను ట్యాంక్ కాడనే ఉన్న," అంది సాయిమా. "స్క్రీన్ల ఎనభై రెండు ఉన్నది. ఈడ గేజ్ ముల్లు అడుగుకు పడ్డది. నిన్న సుత తేడా వచ్చింది. రవికాంత్ సార్‌కి చెప్పిన. నీ కళ్లను నమ్మాల్నా, కంప్యూటర్‌ను నమ్మాల్నా అన్నడు."

"ఇంకా గేజ్ ఎందుకు చూస్తున్నావు నువ్వు?"

"మీరే చెప్పిండ్రు గదా మేడం, ప్యారలల్ రన్ అని. కొత్త సిస్టమ్ పెట్టినంక సుత పాతది బంద్ చెయ్యొద్దు, రెండూ కలిసేదాక పక్కపక్కన నడపాలె అని. గా రోజు క్లాసుల నేనొక్కదాన్నే ఉన్న."

ఖాళీ బెంచీలకి గంట సేపు పాఠం చెప్పి, ఆ సాయంత్రం కోపంతో అన్నం కూడా తినని రోజు ధాత్రికి గుర్తొచ్చింది.

"రిజర్వ్ సిలిండర్లు?"

"గదికి తాళం ఉన్నది. చెవి రవికాంత్ సార్ కాడ. డ్యాష్‌బోర్డ్ ఎర్రగైతేనే తాళం ఇయ్యాలెనంట, రూల్. జర జల్దీ రండి మేడం."

ధాత్రి ఆటో దిగి పరుగు అందుకుంది. విగ్గు ఎక్కడో ఫ్లైఓవర్ కింద పడిపోయింది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

ఏసీ గదిలో రవికాంత్ టీ తాగుతున్నాడు. ఎదురుగా పెద్ద మానిటర్, పచ్చటి తెర, ఎనభై రెండు. ధాత్రి మూత తీసిన లిప్‌స్టిక్ ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో నిఘా విభాగం కార్డు బల్ల మీద కొట్టి తాళంచెవి అడిగింది. అతను కార్డు చూశాడు, తెర చూశాడు, మళ్లీ కార్డు చూశాడు.

"నమ్మనని కాదు మేడం. రెడ్ రాకుండా తెరిస్తే ఆడిట్‌లో నా ఉద్యోగం పోతుంది. ఏదైనా ఉంటే సిస్టమ్‌లోనే సరిచేయించండి. మీ చేతిలో అదేంటి, పెన్‌డ్రైవా? సర్వర్ పక్క గదిలోనే ఉంది, రండి."

పదకొండు కావస్తోంది. పెన్‌డ్రైవ్ పెడితే చాలని మంజూష చెప్పింది. మంజూష ఒక్కతే చెప్పింది. ఆ మాట పక్కన పెట్టి చూసుకోవడానికి రెండో మాట లేదు. తెరని నమ్మి కూర్చున్న ఈ మనిషిని తిట్టిన నోటితో, తను మాత్రం ఒక్క నోటి మాట నమ్మి సర్వర్ దగ్గరికి పోతుందా?

లిప్‌స్టిక్ బ్యాగులో పడేసింది. దొంగ అంకెలు తెర మీదికి రాకుండా ఆపుదామని మార్కర్ మూత తిప్పింది. ఏ సిగ్నలూ జామ్ కాలేదు. రవికాంత్ సెల్‌ఫోన్ హాయిగా మోగుతూనే ఉంది. ఆమె పళ్లు కొరుకుతూ మానిటర్ దగ్గరికి వెళ్లి, తెర ఈ చివర నుంచి ఆ చివర దాకా పచ్చదనం కనపడకుండా మార్కర్‌తో బరబరా గీకేసింది.

"ఎర్రబడింది," అంది, రెండో చేత్తో పిస్టల్ బల్ల మీద పెడుతూ. "నీ రూల్ ప్రకారమే. తాళం."

రవికాంత్ తాళంచెవి తీసేలోపు టీ ప్యాంటు మీద ఒలికిపోయింది.

పెరట్లో సిలిండర్ల గది తలుపు దగ్గరే సాయిమా నిలబడి ఉంది. తాళం తెరుచుకుంది. పైన ఐసీయూలో మొదటి వెంటిలేటర్ కూత పెట్టిన క్షణంలోనే ఇద్దరి చేతులూ వాల్వ్ చక్రం మీద పడ్డాయి. చక్రం మొరాయించింది. ధాత్రి దాన్ని కూడా తిట్టింది. చక్రం తిరిగింది. పైపుల్లో బుస్సుమని గ్యాస్ పరుగెత్తింది. పైన కూత ఆగిపోయింది.

సాయిమా గోడకి ఆనుకుని కూలబడింది. "సాఫ్ట్‌వేర్ పెట్టింది నేనే గదా మేడం. నన్ను పట్టుకపోతరా? అబ్బాకు ఏమని చెప్పాలె?"

"నీ మీద చెయ్యి వేసేవాణ్ని నేను చూసుకుంటాను," అంది ధాత్రి. ఆమె గొంతు మొదటిసారి మెత్తబడింది. రవికాంత్ కనపడగానే మళ్లీ మామూలైపోయింది. అతనికి ఆమె ఏం చెప్పిందో రెండు వార్డుల అవతలి దాకా వినపడింది.

మధ్యాహ్నం జోగారావు ఫోన్ చేశాడు. లిప్‌స్టిక్‌ని ల్యాబ్‌లో విప్పారు. అది సర్వర్‌కి పెట్టి ఉంటే రిజర్వ్ లైన్ కూడా మూసుకుపోయేది. ముఠా జాడలన్నీ చెరిగిపోయి, సాయిమా పేరొక్కటే మిగిలేది. ముఠాకి కావలసింది సర్వర్ గదిలోకి పోగల ఒక ఐడీ కార్డు. అలాంటి కార్డున్న ధాత్రిని అక్కడికి రప్పించడానికే మంజూష అంత నిజం చెప్పింది.

"సూట్‌కేసుతో మెట్రో ఎక్కబోతుంటే పట్టుకున్నాం. కామరాజు పడిపోయిన ఆ మెట్ల మీదే. టీ ఇచ్చింది తనేనని ఒప్పుకుంది."

"నేను వచ్చేదాకా ఆవిడకి టీ కూడా ఇవ్వకండి," అంది ధాత్రి.

డాక్టర్ వీర్రాజు కోలుకున్నాడు. సాయిమా పేరు ఏ కేసులోనూ రాలేదు. కన్సల్టెంట్ దొరకలేదు. తర్వాతి వారం కాలేజీలో వైవా జరిగింది. అందరూ బంగారు అక్షరాల హార్డ్ బైండింగులతో వచ్చి, నవ్వుకుంటూ లోపలికి పోయి, నవ్వుకుంటూ బయటికొచ్చారు. ఆఖర్న సాయిమా వంతు. ఇంటర్నల్ ఎగ్జామినర్ కుర్చీలో ధాత్రి కూర్చుంది. ఎక్స్‌టర్నల్‌గా వచ్చిన పెద్దాయన సాయిమా రిపోర్టు అటూ ఇటూ తిప్పి మొహం చిట్లించాడు.

"అందరి ప్రాజెక్టుల్లోనూ ఒకే స్క్రీన్లున్నాయి. నీ ఒక్కదానివే తేడాగా ఉన్నాయేంటమ్మా? నిజం చెప్పు, ఎక్కడ కాపీ కొట్టావు?"

ధాత్రి చెయ్యి దానంతటదే హ్యాండ్‌బ్యాగులోకి పోయింది. పిస్టల్ దాటుకుని మార్కులు వేసే పెన్ను వెతుక్కోవడానికి ఆమెకి చాలా నిగ్రహం కావలసి వచ్చింది.