తలుపు వెనక అత్తయ్య

అడవి దాటి సముద్రం పక్క రోడ్డెక్కేసరికి ఇంకా పొద్దు మిగిలే ఉంది. వెలుతురు మాత్రం అడవిలోనే ఎక్కడో ఆగిపోయినట్టుంది.

కారు నడుపుతున్నది మా ఆయన. డ్రైవింగ్ స్కూల్లో నేర్పిస్తారు. సెలవుల్లో కూడా ఆ అలవాటు పోదు. పక్క సీట్లో ఉన్న నన్ను "అద్దం చూసుకున్నావా?" అని అడుగుతారు. వెనక సీట్లో అత్తయ్య, ఆవిడ ఒళ్ళో మా ఐదేళ్ళ అమ్మాయి. దాన్ని పిచ్చుక అంటాం.

నేను పళ్ళ డాక్టరు దగ్గర నర్సుని. రోజంతా నోరు తెరుచుకుని కూడా మాట్లాడలేని వాళ్ళ మధ్య ఉంటాను. ఇంటికెళ్తే అత్తయ్య. ఆవిడ నోరు మూతపడటం నేను చూడలేదు. నన్ను "అయోమయం దానా" అని తప్ప ఇంకోలా పిలిచింది లేదు. అలాగని పిచ్చుకకి ఒళ్ళు వెచ్చబడితే తెల్లవార్లూ తడిగుడ్డ మార్చేదీ ఆవిడే. ఆవిడే లేకపోతే నా ఉద్యోగం ఏనాడో ఊడేది.

అడవి దారంతా కబుర్లే. అద్దాల్లోంచి తడి ఆకుల వాసన, పుచ్చిపోయిన మానుల వాసన. తర్వాత చెట్లు పలచబడ్డాయి. ఉప్పుగాలి తగిలింది. దానితోపాటే సముద్రం మీంచి పొగమంచు లేచి రోడ్డు మీదికి పాకింది.

"ఎక్కడైనా ఆపరా," అంది అత్తయ్య.

మూతపడిన దుకాణం ఒకటి కనిపించింది. దాని వెనక రెండు బాత్రూములు, పక్కగా ఒక కుళాయి. పిచ్చుక నిద్రపోతోంది. దాన్ని సీటు మీద పడుకోబెట్టి, అత్తయ్యని తీసుకుని నేను వెళ్ళాను. మా ఆయన ముందు అద్దం మీద ఉప్పుతేమ తుడుస్తూ ఉండిపోయారు.

అత్తయ్య లోపలికెళ్ళి తలుపేసుకుంది. లోపల్నుంచి కూడా మాటలు ఆగలేదు. "ఏమిటే ఈ గోడలు, ఎన్నాళ్ళయింది కడిగి..." నేను ఊ కొడుతూ, కుళాయి దగ్గరికెళ్ళి సీసా పట్టాను. నీళ్ళు సన్నగా కారుతున్నాయి. సీసా నిండడానికి చాలాసేపే పట్టింది. నీళ్ళ చప్పుడు, అలల హోరు, వాటి వెనక అత్తయ్య గొంతు. తిరిగొచ్చి తలుపు ముందు నిలబడ్డాను.

హారన్ మోగింది.

"ఎంతసేపు?" మంచులోంచి మా ఆయన కేక. "అమ్మ వచ్చి కూర్చుని చాలాసేపయింది. నువ్వు రావేం?"

నాకు అర్థం కాలేదు.

"ఎవరు వచ్చారు?"

"అమ్మ! కార్లో ఉంది. పిచ్చుకని ఒళ్ళో వేసుకుని..."

తలుపు అవతల మాటలు ఆగిపోయాయి.

తర్వాత చాలా మెల్లగా, "ఏమే... వాడి దగ్గర ఎవరున్నారే?"

నేను పరుగెత్తాను.

వెనక సీట్లో అత్తయ్య ఉంది. అదే శాలువా. అదే ముడి. పిచ్చుక తల ఆవిడ ఒళ్ళో ఉంది. దాని జుట్టు నిమురుతూ నావైపు చూసింది. కళ్ళలో నీళ్ళు.

"ఆ బాత్రూము తలుపు తియ్యకు తల్లీ," అంది గొణుగుతున్నట్టు. "నువ్వు కుళాయి దగ్గరుండగానే నేను వచ్చేశాను. లోపల... నా పక్కన ఎవరో ఉన్నారు. నేను మాట్లాడిందే మళ్ళీ మాట్లాడుతున్నారు. తియ్యకు తల్లీ. పోదాం పద."

తల్లీ.

ఇన్నేళ్ళలో నన్ను అత్తయ్య ఒక్కసారి కూడా అలా పిలవలేదు.

అవతల బాత్రూము తలుపు దబదబా మోగింది. "అయోమయం దానా! గడియ రావట్లేదే! చచ్చావా? పిల్లని తీసుకో ముందు! దాని దగ్గర్నుంచి పిల్లని తీసుకో!"

మా ఆయన చేతిలో గుడ్డ జారిపోయింది. కార్లోకి చూశారు. దుకాణం వైపు చూశారు.

నేను వెనక తలుపు తెరిచాను. "పిచ్చుకా, రా అమ్మా..." అంటూ దాని చంకల కింద చేతులు వేశాను. లాక్కుంటుందనుకున్నాను. నా చేయి పట్టుకుంటుందనుకున్నాను. కానీ ఆవిడ చేయి పిల్ల తల మీంచి తనంతట తనే లేచింది. అంతే. నన్నలా చూస్తూ ఉండిపోయింది.

పిల్లని భుజాన వేసుకుని పరుగు. నా వెనక మా ఆయన. తలుపు చెమ్మకి ఉబ్బి బిగుసుకుపోయింది. ఆయన భుజంతో గుద్దారు... మళ్ళీ గుద్దారు... విరిగినంత చప్పుడుతో ఊడొచ్చింది.

అత్తయ్య నా మీద వచ్చి పడింది. చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి. "ఇంతసేపా తియ్యడానికి!" అని ఒక్క కసురు కసిరింది. ఆ తిట్టు వింటే నాకు ఏడుపొచ్చింది. మా అత్తయ్యే. ఇంకెవరు?

వెనక్కి తిరిగి చూస్తే కారు ఖాళీ. సముద్రం వైపు తలుపు బార్లా తెరిచి ఉంది. మంచు లోపలికి వస్తోంది.

అత్తయ్యని వెనక కూర్చోబెడుతూ సీటు మీద చేయి ఆనించాను. చల్లగా ఉంటుందనుకున్నాను. తడిగా ఉంటుందనుకున్నాను. లేదు. మనిషి అప్పుడే లేచి వెళ్ళినట్టు... వెచ్చగా ఉంది.

కారు కదిలింది. పిచ్చుక నా ఒళ్ళో ఉంది. అప్పుడు వినిపించింది. మంచులోంచి, రొప్పుతూ, పరుగెత్తుకొస్తున్న గొంతు.

"నాన్నా... ఒరేయ్ నాన్నా... ఆపరా..."

మా ఆయన కాలు బ్రేకు మీదికి వెళ్ళింది. కారు నెమ్మదించింది.

"వెనక్కి చూడకు," అంది వెనక సీట్లోంచి అత్తయ్య. "పోనీయ్."

ఆయన కళ్ళు మూసుకున్నారు. ఒక్క క్షణమే. తర్వాత పోనిచ్చారు. ఆ గొంతు కొంతదూరం వెంట వచ్చింది. అడుగులు తడబడి పడిపోయిన చప్పుడు. ఆ తర్వాత అలల హోరు ఒక్కటే.

మంచు విడిపోయింది. రోడ్డు మళ్ళీ అడవిలోకి తిరిగింది. చెట్లు రెండు పక్కలా దగ్గరగా వచ్చేశాయి. ఆయన చెంపలు తడిగా ఉన్నాయి. తుడుచుకోలేదు. నేను నాలో నేనే లెక్కలు వేసుకుంటున్నాను. భయంతో చచ్చిపోతున్న మనిషి ఎలా మాట్లాడుతుంది? తిడుతుందా? పక్కన ఉన్నది కోడలైనా సరే, తల్లీ అని బతిమాలుతుందా? పిల్లని తీసుకుంటుంటే కార్లో ఉన్నావిడ చేయి నన్నెందుకు ఆపలేదు?

వెనక్కి తిరిగి చూసే ధైర్యం నాకు లేదు.

పిచ్చుక కదిలింది. లేచి, నా మెడ చుట్టూ చేతులు వేసి, నోరు నా చెవికి ఆనించింది. ఇంజను మోతలో నాకే సరిగా వినపడనంత మెల్లగా అడిగింది.

"అమ్మా... మరి అక్కడ పడిపోయిన నానమ్మకి ఇంటికి దారి తెలుసా?"

నేను నోరు తెరిచేలోపే, వెనక సీట్లోంచి జవాబు వచ్చింది.

"తెలీదు."