రెండు నిమిషాల పది సెకన్లు

మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటా నలభై.

నౌపడ ఉప్పుమడులకు నీళ్లు పారించే కాలువలో ఒక స్త్రీ బోర్లా పడి ఉంది. తల వెనక లోతైన గాయం. చీర అంచులకు ఉప్పు పట్టి అట్టలా బిగుసుకుపోయింది.

పేరు యమున. వయసు ముప్పై ఒకటి. ఆ మడుల మీద సూపర్‌వైజర్.

ఉదయం పదికీ పన్నెండుకీ మధ్య ప్రాణం పోయిందన్నారు డాక్టర్. ఆమె సెల్‌ఫోన్ మాత్రం దొరకలేదు.

బుధవారం సాయంత్రం నాలుగింటికి భర్త ధర్మేంద్రను అరెస్టు చేశారు. ఆటో నడుపుతాడు. గురువారం నాలుగులోగా మెజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి.

గురువారం ఉదయం తొమ్మిదింటికి సీఐ సుహాసిని ఫైలు మళ్ళీ తెరిచింది. కేసంతా ఒకే స్టేట్‌మెంట్ మీద నిలబడి ఉంది. మడుల యజమాని రంగనాథం ఇచ్చింది.

"పదకొండూ ఇరవైకి ఆఫీసు ఫోన్ నుంచి యమున సెల్‌కి చేశాను. భర్త తాగి వచ్చాడనీ, చంపుతానంటున్నాడనీ ఏడ్చింది."

కాల్ నిజమే. ఇంటర్నెట్ ఫోన్ కంపెనీ రికార్డులో ఉంది. రెండు నిమిషాల పది సెకన్లు. ఆఫీసూ, మడులూ ఒకే సెల్ టవర్ కింద ఉన్నాయి కాబట్టి, అప్పుడు యమున సెల్ సరిగ్గా ఎక్కడుందో రికార్డు చెప్పదు. పదకొండుంబావు నుంచి ఒంటిగంట దాకా రంగనాథం గది బయట పలాస వ్యాపారులిద్దరు కూర్చుని ఉన్నారు. ఆయన ఎక్కడికీ కదల్లేదని ఇద్దరూ చెప్పారు.

సుహాసిని లాకప్ దగ్గరికి వెళ్ళింది. ధర్మేంద్ర గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"మంగళవారం పొద్దున్న మీ ఇద్దరికీ గొడవ ఎందుకైంది?"

"మద్దేనం ఆర్డీవో ఆఫీసుకెల్లి తాయారు సంగతి సెప్పేస్తానన్నాది. వద్దన్నానమ్మా."

"తాయారు ఎవరు?"

"మడిలో కూలికెల్లేది. నెల్లాళ్ళ కింద పోయింది. పాము కరిసిందని ఓనరు రాయించేసినాడు. కాదు, మోటారు వైరు తగిలి కరెంటు కొట్టింది. యమున కళ్ళారా సూసింది."

"ఇది నిన్న ఎందుకు చెప్పలేదు?"

"ఎవురడిగినారు? యమునే నా పేరు సెప్పిందన్నారు. నన్ను సూసి అది అంత బయపడిందా అని అదే ఆలోసిస్తన్నాను. నాను దాని మీద సెయ్యి కూడా ఎత్తలేదమ్మా."

సుహాసిని తిరిగి వచ్చి, ఆ ఆఫీసు మంగళవారం చేసిన కాల్స్ జాబితా మొత్తం ముందేసుకుంది. ఇంతవరకూ అందరూ ఒక్క వరుసే చూశారు. పదకొండూ ఇరవై.

ఇప్పుడు మిగతా వరుసలు చూసింది.

తొమ్మిదీ పన్నెండు: ఎనిమిది సెకన్లు. తొమ్మిదీ ఇరవై: పదకొండు సెకన్లు. తొమ్మిదిన్నర: ఆరు.

సాయంత్రం నాలుగు దాకా తొమ్మిది కాల్స్. ఎనిమిదింటిలో ఏదీ పద్నాలుగు సెకన్లు దాటలేదు. ఒక్కటే రెండు నిమిషాలు నడిచింది.

పదింటికి టెక్కలి నెట్ ఆఫీసులో టెక్నీషియన్ రాధిక ముందు కాగితం పెట్టింది.

"మంగళవారం వాళ్ళ ఫోన్లకి ఏమైంది?"

"అవతలి మాట వినబడలేదు మేడం. పొద్దున్న తొమ్మిదికి రౌటర్లో కొత్త సాఫ్ట్‌వేర్ పడింది. అప్పట్నుంచి."

"నాకు అర్థమయ్యేలా చెప్పు."

"ఆఫీసు ఫోనుకి లోపలి అడ్రస్ ఒకటుంటాది. అది ఆ బిల్డింగ్ వరకే. బయట చెల్లదు. కాల్ కలపమని ఫోన్ పంపే మెసేజ్‌లో 'మాటలు ఈ అడ్రస్‌కి పంపండి' అని ఆ లోపలిదే రాస్తాది. రౌటర్ దాన్ని కొట్టేసి బయటి అడ్రస్ రాసి పంపాల. ఆ రోజు ఆ పని సగమే చేసింది. కాల్ కలిపే చోట మార్చింది. మాటలు పంపే చోట వదిలేసింది."

"అప్పుడు?"

"రింగవుతాది. అవతలోళ్ళు ఎత్తుతారు. మన మాట ఆళ్ళకి వినబడతాది. ఆళ్ళ మాట మాత్రం తప్పుడు అడ్రస్‌కి పోతాది. మనకేటీ వినబడదు."

"బాగుచేసింది ఎప్పుడు?"

"సాయంత్రం నాలుగూ పదికి. కంప్లైంట్ పొద్దున్నే వచ్చింది గానీ, నేను పలాసలో ఉండిపోయాను."

"పదకొండూ ఇరవై కాల్?"

రాధిక కంప్యూటర్లో ఆ మెసేజ్ వెతికి తీసింది. రెండుసార్లు చదివింది.

"ఇందులోనూ లోపలి అడ్రసే ఉన్నాది మేడం."

మధ్యాహ్నం రెండున్నర. రంగనాథం ఆఫీసు.

బేడీలతో ధర్మేంద్ర గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పక్కన ఇద్దరు కానిస్టేబుళ్ళు. గుమస్తా హేమ బల్ల దగ్గరుంది. రాధిక రౌటర్ని మంగళవారం ఎలా ఉందో అలా మార్చి పక్కకు జరిగింది.

"చిన్న పరీక్ష రంగనాథం గారూ. మీ గదిలోంచి నా సెల్‌కి చెయ్యండి. నేను చెప్పింది విని కాగితం మీద రాయండి."

సుహాసిని రోడ్డు మీదికి వెళ్ళింది. సెల్ మోగింది. ఎత్తి, ఆపకుండా మాట్లాడుతూనే ఉంది.

గదిలో రంగనాథం రిసీవర్ చెవికి ఆనించాడు. "హలో" అన్నాడు. మళ్ళీ "హలో" అన్నాడు. రిసీవర్ పెట్టేశాడు.

సుహాసిని లోపలికొచ్చి సెల్ చూపించింది.

"తొమ్మిది సెకన్లు. ఎందుకు పెట్టేశారు?"

"ఏటీ వినబడలేదు మేడం. లైను పోయినట్టున్నాది."

"మంగళవారం తొమ్మిది నుంచి నాలుగు దాకా ఈ లైను ఇలాగే ఉంది. హేమ ఎనిమిది కాల్స్ చేసింది. హలో హలో అని పెట్టేసింది. మీరొక్కరే రెండు నిమిషాల పది సెకన్లు విన్నారు. ఎవరి మాట విన్నారు?"

రంగనాథం రిసీవర్ మళ్ళీ ఎత్తి చెవికి ఆనించి, పెట్టేశాడు.

"వినాల్సిన పని మీకు లేదు. ఎత్తిందీ మీరే. యమున సెల్ మీ చేతిలోనే ఉంది. అప్పటికే ఆమె కాలువలో ఉంది. పదకొండూ ఇరవైకి ఆమె బతికి ఉందని రికార్డు కావాలి. నేరం భర్త మీదికి పోవాలి. రెండు ఫోన్లూ బల్ల మీద పెట్టి గడియారం చూస్తూ కూర్చున్నారు. రిసీవర్ చెవిన పెట్టుకునుంటే లైను సంగతి తెలిసేది."

"నాకెవురూ సెప్పలేదు," అన్నాడు రంగనాథం.

హేమ తల వంచుకునే అంది. "మీరు పదకొండుకి రాగానే సెప్దామని లేచాను బాబూ. మీరు తలుపేసుకున్నారు."



"సెల్ ఎక్కడుంది?" అడిగింది సుహాసిని.

"గోడౌన్లో. ఉప్పు బస్తాలో." ఆయన బల్ల వైపే చూస్తూ చెప్పాడు. "ఆర్డీవో కాడికి పోవద్దని పదిన్నరకెల్లి బతిమాలాను. ఆ పిల్ల వినలేదు. తాయారుకి ఇద్దరు బిడ్డలు, ఆళ్ళకేటి సమాదానం సెప్తారని నన్నే అడిగింది. పార ఎదరే ఉన్నాది."

కానిస్టేబుల్ ధర్మేంద్ర బేడీలు విప్పాడు. అతను మణికట్టు కూడా తడుముకోలేదు.

"అయితే, యమున ఆ మాట అన్లేదా అమ్మా?"

"అనలేదు. ఆ ఫోన్ మోగేసరికే ఆమె లేదు."

ధర్మేంద్ర రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. చాలాసేపటికి తీశాడు.

"తాయారు సంగతి అది నాకు మొత్తం సెప్పింది. ఆర్డీవో గారి కాడ నాను సెప్పొచ్చా?"

"నువ్వు కళ్ళతో చూడలేదు. ఎంతవరకు నిలబడుతుందో తెలీదు."

"నిలబడకపోతే పోనీండి. సెప్తాను."

సుహాసిని జీపు తలుపు తీసింది. అతను ఎక్కకుండా ఒక్క క్షణం ఆగాడు.

"ముందు ఆస్పత్రికి పోనివ్వండమ్మా. దాన్ని తెచ్చుకోడానికి ఇంకెవురూ లేరు."